‘ఈ కన్ను చప్పుడు కూడా పోతదా సార్?’

పేషెంట్ ఎవరో తెలియకూడదని వయసు, ఊరు, ఇంటి విషయాలు కొన్ని మార్చాను. రాస్తానని ముందే చెప్పి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. జబ్బు వివరాలు, అందులో నా పొరపాటు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

నలభై దాటిన మనిషి. జగిత్యాల వైపు ఒక పల్లె. చిన్నప్పటి నుంచి బీడీలు చుడుతోంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు, ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. బీపీ, షుగర్ లేవు. చెవి ఎప్పుడూ కారలేదు. ఇంట్లో ఎవరికీ చెవుడు లేదు. చెల్లెలిని హనుమకొండలో ఇచ్చారు. ఆ చెల్లెలే పట్టుబట్టి, చెవి ముక్కు గొంతు డాక్టరునైన నా దగ్గరికి తీసుకొచ్చింది.

చేతిలో బట్టల షాపు కవరు, అందులో రెండేళ్ల కాగితాలు. వరసగా పేర్చి చూస్తే ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో తెలిసిపోతుంది. మొదట గుబిలి తీయించుకుంది. తర్వాత చుక్కల మందు. తర్వాత తల తిరగడానికి బీటాహిస్టిన్, ఒకరు ఆపితే మరొకరు రాశారు. మెదడు సీటీ స్కాన్ నార్మల్. చివరి ఆరు నెలలుగా ఒక మానసిక వైద్యుడి మందులు. ఆ చీటీ మీద ‘చెవిలో శబ్దాలు, భయం, నిద్ర లేదు’ అని ఉంది. అబద్ధమేమీ కాదు, ఆ మూడూ ఉన్నాయి.

కాగితాల్లో లేని వైద్యం కూడా ఒకటి జరిగింది. అది తర్వాత చెబుతాను.

చెప్పిన బాధలు

రెండేళ్ల కింద వడ్ల బస్తా ఎత్తుతుంటే కుడి చెవిలో ‘టప్’ మన్నట్టు అయిందట. అప్పటి నుంచి తన మాట తనకే ‘బిందెల తలకాయ పెట్టి మాట్లాడినట్టు’ వినిపిస్తోంది. అటుకులు నమిలితే పక్కవాళ్ల మాట వినబడదు. ఎదుటివాళ్లు మెల్లగా మాట్లాడితే కుడి చెవికి అందదు. అప్పుడప్పుడు ఒళ్లు తూలుతుంది.

తన గొంతు తన చెవిలో మార్మోగుతోందని ఎవరైనా అంటే మా వాళ్లకు ముందు గుర్తొచ్చేది యూస్టేకియన్ నాళం. ముక్కు వెనక భాగాన్ని చెవితో కలిపే ఈ గొట్టం మామూలుగా మూసుకునే ఉంటుంది, మింగినప్పుడు, ఆవలించినప్పుడు తెరుచుకుంటుంది. కొందరిలో అది తెరుచుకునే ఉండిపోతుంది, గొంతులోని శబ్దం నేరుగా చెవిలోకి వచ్చేస్తుంది. అయితే అలాంటివాళ్లు గొంతుతో పాటు తమ శ్వాస కూడా వినిపిస్తోందంటారు, పడుకుంటే తగ్గిందంటారు. మైక్రోస్కోపు కింద చూస్తే ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కర్ణభేరి లోపలికీ బయటికీ కదులుతుంది. ఈమెకు శ్వాస వినబడదు. పడుకున్నా మార్పు లేదు. కర్ణభేరి కదలకుండా, శుభ్రంగా మెరుస్తూ ఉంది. దాన్ని పక్కన పెట్టాను. ఇంతవరకు సరిగ్గానే నడిచాను.

ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మీద పెడితే శబ్దం కుడి వైపుకు వెళ్లింది. ఆడియోగ్రామ్‌లో కుడి చెవికి బొంగురు శబ్దాల దగ్గర, అంటే 250, 500 హెర్ట్జ్ దగ్గర, గాలి ద్వారా వినికిడి తగ్గి 35, 30 డెసిబెల్స్ దగ్గర ఉంది. ఎముక ద్వారా, అంటే చెవి వెనక ఎముకను కంపింపజేసి చూసిన వినికిడి, 0 దగ్గర ఉంది. ఈ అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు. 2000 హెర్ట్జ్ దాటాక రెండు గీతలూ కలిసిపోయాయి.

కర్ణభేరి బాగుంది, చీము లేదు, గాలి గీతకూ ఎముక గీతకూ మధ్య తేడా ఉంది, మనిషి నడివయసు స్త్రీ. పరీక్షలో ఇలా ఇస్తే పీజీ విద్యార్థి కళ్లు మూసుకుని ‘ఓటోస్క్లిరోసిస్’ అని రాస్తాడు. చెవిలోని చిట్టచివరి చిన్న ఎముక, స్టేపిస్, బిగుసుకుపోయే జబ్బు అది. నేనూ అదే రాశాను. ఆ ఎముకను తీసి చిన్న పిస్టన్ పెట్టే ఆపరేషన్ నాకు అలవాటైన పని. అలవాటైన పనికి పేషెంట్ దొరికితే ప్రశ్నలు తగ్గిపోతాయి. తల తూలడాన్ని ‘ఓటోస్క్లిరోసిస్‌లో ఒక్కోసారి ఉంటుందిలే’ అనుకున్నాను. సంక్రాంతి తర్వాత గురువారానికి తేదీ ఇచ్చాను.

ఆపరేషన్ ముందు రోజు

సంతకాలు పెట్టించేటప్పుడు ఏమేమి జరగొచ్చో చెబుతాం. వినికిడి పెరగొచ్చు, పెరగకపోవచ్చు, వందలో ఒకరికి పూర్తిగా పోవచ్చు కూడా. అంతా విని, పెన్ను చేతిలో పట్టుకుని ఆమె అడిగింది: “ఈ కన్ను చప్పుడు కూడా పోతదా సార్?”

“ఏ చప్పుడమ్మా?”

చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు కూడా ఆ మాట వినడం అదే మొదటిసారని ఆ ముఖంలోనే తెలిసింది.

“కన్ను ఇటు తిప్పితె గర్ర్ మంటది. అటు తిప్పితె గర్ర్ మంటది. చాటల ఆకు చూసి, కత్తెర చూసి, దారం చూస్తె మూడుసార్లు ఇనబడ్తది. రాత్రి కండ్లు మూసుకున్నా, లోపల కదిల్తె ఇనబడ్తది.”

“ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తె పిచ్చిదంటరని చెప్పలే. చెప్పకున్నా అదే మందు ఇచ్చిండ్రు.”

కంటి కదలిక చెవికి వినిపించడానికి స్టేపిస్ బిగుసుకోవడం కారణం కాలేదు. పెన్ను తీసుకుని పక్కన పెట్టాను. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి ఈసారి కుడికాలి చీలమండ ఎముక మీద ఆనించాను. ఎక్కడ తెలుస్తోందని అడిగితే ఆమె కాలు చూపలేదు, కుడి చెవి మీద చెయ్యి పెట్టింది. ఎడమ కాలి మీద పెట్టినా కుడి చెవే.

ఇది ఓటోస్క్లిరోసిస్ కాదని అక్కడే అనుకున్నాను. కానీ అనుకోవడం వేరు, కాగితం మీద చూపడం వేరు. వినికిడి పరీక్షలు చేసే మా ఆడియాలజిస్టును పిలిచి స్టేపీడియల్ రిఫ్లెక్స్ చేయమన్నాను. పెద్ద శబ్దం వినిపిస్తే మధ్య చెవిలోని చిన్న కండరం స్టేపిస్‌ను బిగబట్టుకుంటుంది. ఎముక ముందే బిగుసుకుపోయి ఉంటే ఆ కదలిక కనబడదు. ఈమెకు రెండు చెవుల్లోనూ చక్కగా వచ్చింది. ఐదు నిమిషాల పరీక్ష. ఆపరేషన్ రాసే ముందే చేయాల్సింది. ఆ రోజు ఓపీ రద్దీగా ఉందనీ, కర్ణభేరి కదలికను కొలిచే టింపనోగ్రామ్ నార్మల్‌గా ఉంది కదా అనీ వదిలేశాను. ఇంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

రెండో సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఎముక గీత 0 దగ్గర ఎందుకు ఆగిందని ఆడియాలజిస్టును అడిగాను. “సున్నాకి వింటున్నారు కదా సార్, నార్మలే అని ఆపేశాను” అన్నాడు. చాలా చోట్ల అంతే చేస్తారు. 0 డెసిబెల్స్ అంటే శబ్దం లేకపోవడం కాదు, ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు సగటున వినగలిగే అతి చిన్న శబ్దం. అంతకన్నా చిన్నది వినేవాళ్లూ ఉంటారు. బూత్ తలుపు గట్టిగా మూసి, ఫ్యాను ఆపి, ఇంకా కిందికి వెళ్లమన్నాను. 250 దగ్గర మైనస్ 10, 500 దగ్గర మైనస్ 5. ‘చెవుడు’ అని వచ్చిన చెవి ఎముక ద్వారా మామూలు మనుషులకన్నా ఎక్కువ వింటోంది.

మూడో కిటికీ

నేను పీజీ చదివే రోజుల్లో ఈ జబ్బుకు పేరు లేదు. 1998లో జాన్స్ హాప్‌కిన్స్‌లో లాయిడ్ మైనర్ బృందం మొదటిసారి దీన్ని వివరించింది. లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయని బడిలో చదువుకున్నాం. వాటిలో పైదాని కప్పు మెదడుకు సరిగ్గా కింద ఉంటుంది, చాలా పలచని ఎముక. ఆ కప్పుకు చిల్లు పడితే వచ్చేదే ఈ జబ్బు, సుపీరియర్ కెనాల్ డిహిసెన్స్.

లోపలి చెవి నీళ్లు నిండిన గది లాంటిది, దానికి రెండే కిటికీలు. ఒకదాన్ని స్టేపిస్ లోపలికి నెడితే రెండోది బయటికి ఉబ్బుతుంది, మధ్యలో నీరు కదిలి మనకు వినిపిస్తుంది. కప్పుకు చిల్లు పడితే అది మూడో కిటికీ అవుతుంది. గాలి ద్వారా వచ్చిన శబ్దంలో కొంత, ముఖ్యంగా బొంగురు శబ్దం, అటు జారిపోతుంది. అందుకే గాలి గీత కిందికి దిగింది. ఒంట్లో పుట్టే శబ్దానికి మాత్రం అదే దారి అవుతుంది. గొంతు, నమలడం, అడుగుల చప్పుడు, గుండె, చివరికి కనుగుడ్డు తిరగడం కూడా పెద్దగా వినిపిస్తాయి. ఆడియోగ్రామ్‌లో ఓటోస్క్లిరోసిస్‌లా కనిపించే తేడా నిజానికి రెండు వేరు వేరు కారణాలు కలిసి చేసిన మోసం.

ఆ కుల్య పని వినడం కాదు, తల ఎటు తిరిగిందో మెదడుకు చెప్పడం. చిల్లు ఉన్నప్పుడు పెద్ద శబ్దం తగిలితే అందులోని నీరు కదులుతుంది. తల కదలకపోయినా కదిలిందని మెదడుకు కబురు వెళుతుంది. ఇటలీ శాస్త్రవేత్త పియెత్రో టులియో పావురాల కుల్యలకు చిల్లు పెట్టి, శబ్దం చేస్తే వాటి తల, కళ్లు కదలడం చూసి 1929లో రాశాడు. శబ్దానికి తల తిరగడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం.

అందుకే ఆమెను అడిగాను: “పెద్ద చప్పుడైతే తల తిరుగుతుందా అమ్మా?”

అప్పుడు వచ్చింది కాగితాల్లో లేని కథ. రెండేళ్ల కింద ఎల్లమ్మ పండుగకు డప్పులు దగ్గరికి రాగానే ఆమె ఊగి, పక్కకు ఒరిగి పడిపోయింది. శివమూగిందన్నారు. పసుపు కుంకుమ పెట్టారు, కాళ్లకు నీళ్లు పోశారు. మరుసటి ఏడాది సద్దుల బతుకమ్మ నాడు డీజే బండి పక్కకు వచ్చినప్పుడు మళ్లీ అంతే. ఆ తర్వాత ఊళ్లో కొందరు ఆమెకు చేతులెత్తి మొక్కడం మొదలుపెట్టారు, కొందరు పిల్లల్ని ఆమె దగ్గరికి పోనివ్వడం మానేశారు. అత్త తాయెత్తు కట్టించింది. “నాకు ఏ అమ్మ రాలే సార్. నేల పైకి లేచినట్టయింది, అంతే” అంది. నేను ఎవరి నమ్మకం గురించీ మాట్లాడలేదు. కళ్లను పెద్దవిగా చూపే ఫ్రెంజెల్ అద్దాలు పెట్టి, ముక్కు మూసుకుని గాలి చెవుల్లోకి ఊదమన్నాను. కనుపాపలు మెల్లగా పైకి లేచి, కుడి చెవికి దూరంగా మెలితిరిగాయి. అవి కదిలింది పై కుల్య ఉన్న తలంలోనే. ఏ కుల్యో చెప్పడానికి అంత కన్నా నమ్మకమైన వేలు లేదు. చెల్లెలు ఫోనులో వీడియో తీసి అత్తకు పంపింది.

నిర్ధారణ

గుర్తులన్నీ కుదిరాక కూడా స్కాన్ జాగ్రత్తగా అడగాలి. మెదడు సీటీలో ముక్కలు మందంగా ఉంటాయి, అందులో ఈ చిల్లు దొరకదు. చెవి ఇమిడి ఉండే టెంపోరల్ ఎముకకు 0.6 మి.మీ. ముక్కలతో తీయించాను. మొదటి రిపోర్టులో ‘మాస్టాయిడ్లు (చెవి వెనక ఎముకలు) నార్మల్’ అని వచ్చింది. వాళ్లను తప్పు పట్టను, చీటీలో నేను ‘చెవుడు’ అని రాశాను కాబట్టి వాళ్లు చెవుడికి కారణం వెతికారు. నేనే వెళ్లి రేడియాలజిస్టు పక్కన కూర్చుని, కుల్య ఉంగరంలా పూర్తిగా కనిపించే తలంలో బొమ్మను తిప్పించాను. కుడి వైపు ఉంగరం పైభాగం సుమారు 4 మి.మీ. మేర తెగి ఉంది. ఎడమ వైపు పలచగా ఉంది కానీ కప్పు ఉంది.

స్కాన్ ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టకూడదు. మరీ పలచని ఎముక సీటీలో లేనట్టు కనబడుతుంది. చనిపోయినవారి 1000 టెంపోరల్ ఎముకలను పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నిజమైన చిల్లు 0.5 శాతం ఎముకల్లోనే కనిపించింది. పైగా చిల్లు ఉన్న ప్రతివారికీ బాధలు ఉండవు. బాధ, పరీక్ష, స్కాన్ మూడూ కలవాలని 2021లో బరానీ సొసైటీ అనే, తల తిరుగుడు జబ్బుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం ఇచ్చిన ప్రమాణాలు చెబుతాయి. పరీక్షగా వెంప్ చేయించడానికి హైదరాబాద్ పంపాను. చెవిలో శబ్దం వినిపించి, దానికి కండరాలు ఎలా స్పందిస్తాయో కొలిచే పరీక్ష అది. కుడి చెవి 65 డెసిబెల్స్‌కే స్పందించింది, ఎడమ చెవికి 90 కావాల్సి వచ్చింది.

ప్రయత్నించినవి, పనిచేయనివి

బీటాహిస్టిన్ ఆపించాను. ఆమె బాధకు, ఆ మందుకు సంబంధం లేదు. మానసిక మందులు నేను ముట్టుకోలేదు. రాసిన డాక్టరుకు ఫోన్ చేసి స్కాన్ సంగతి చెప్పాను. ఆయన బాగా అర్థం చేసుకుని రెండు నెలల్లో మెల్లగా తగ్గించారు. హఠాత్తుగా ఆపి ఉంటే నిద్ర పట్టక అసలు జబ్బు ఏదో తెలియని కొత్త గొడవ మొదలయ్యేది.

బరువులు ఎత్తవద్దని, మలబద్ధకం రానివ్వవద్దని, ముక్కు రెండు వైపులా మూసి చీదవద్దని చెప్పాను. ఊరేగింపు వస్తే కుడి చెవిలో స్పాంజి ప్లగ్ పెట్టుకోమన్నాను. ప్లగ్ సగం పనిచేసింది. డప్పుకు తూలడం తగ్గింది. కానీ చెవి మూస్తే లోపలి చప్పుళ్లు ఇంకా పెరుగుతాయి కాబట్టి, దాన్ని పెట్టుకుని అయిదు నిమిషాలు కూడా ఉండలేకపోయింది. ముందే తెలిసిన సంగతే, అయినా ఇంత తొందరగా వద్దంటుందనుకోలేదు.

కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టే ఆలోచన వచ్చింది. చీదినప్పుడు, దగ్గినప్పుడు వచ్చే తూలుడుకు అది కొందరికి పనికొస్తుంది. ఈమెను వేధించేది ముఖ్యంగా లోపలి శబ్దం, దానికి గ్రోమెట్ ఏమీ చేయదు. పెట్టలేదు.

ఆశ్చర్యంగా అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది స్కాన్ బొమ్మ. తెరమీద తెగిన ఉంగరం చూపించి కప్పు లేదని చెబితే, ఒక నిమిషం చూసి “ఇంటి మీద గూనపెంకు జారినట్టా?” అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయిందని చెల్లెలు చెప్పింది. బీడీలు చుట్టేటప్పుడు పక్కన చిన్నగా రేడియో పెట్టుకోవడం ఆమే కనిపెట్టింది. కన్ను చప్పుడు అందులో కొంత కలిసిపోయేది.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆపరేషన్ తొందర పెట్టలేదు. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. బతుకు ఎంత చెడిందో దాన్ని బట్టే ఆపరేషన్ కావాలో వద్దో తేలుతుంది, ఆ లెక్క పేషెంటే వేసుకోవాలి. ఈలోగా నడుస్తుంటే తన అడుగులు తలలో దబదబమని మోగడం ఎక్కువైంది. రోజుకు ఏడెనిమిది వందల బీడీలు చుట్టే చెయ్యి నాలుగు వందలకు పడిపోయింది. “చేయించుకుంట సార్” అని ఆమే వచ్చింది.

చివరికి చేసింది

ఈ ఆపరేషన్ నేను చేయను. ఏడాదికి ఒకటీ అరా చేసే చేతికి దీన్ని అప్పగించకూడదు. హైదరాబాద్‌లో దీని మీద అనుభవం ఉన్న సర్జన్ దగ్గరికి పంపాను. రెండు దారులున్నాయి. పుర్రెను పైనుంచి తెరిచి, మెదడును కాస్త పైకి ఎత్తి చిల్లును నేరుగా చూడటం ఒకటి. చెవి వెనక మాస్టాయిడ్ ఎముక గుండా వెళ్లి, చిల్లుకు రెండు పక్కలా కుల్యను మూయడం రెండోది. మెదడు కింది ఎముక మరీ కిందికి వేలాడుతూ ఉంటే రెండో దారి ఇరుకవుతుంది. ఈమెకు తగినంత జాగా ఉంది, కాబట్టి ఆయన చెవి వెనక దారి ఎంచుకున్నారు.

“పెంకు సర్దుతరా, చిల్లే మూస్తరా?” అని ఆమె ఆయన్నీ అడిగిందట. ఆ ప్రశ్నకు నిజంగానే రెండు జవాబులున్నాయి. చిల్లు మీద కొత్త కప్పు వేయడం ఒక పద్ధతి, కుల్యనే పూడ్చేయడం ఇంకొకటి. కప్పు వేస్తే కుల్య పని మిగిలే అవకాశం ఉంది, కానీ కప్పు కదిలితే బాధ తిరిగి వస్తుంది. పూడిస్తే ఆ కుల్య ఇక పనిచేయదు, మిగతావాటితో మెదడు సర్దుకోవాలి. ఆమెకు పూడ్చారు.

రెండో రోజు పొద్దున కన్ను చప్పుడు లేదు. అదే రోజు తల విపరీతంగా తిరిగింది, మంచం దిగలేకపోయింది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిదైంది, లేకపోతే ఆపరేషన్ చెడిందనుకునేవారు. గోడ పట్టుకుని నడవడం నుంచి కాలువ గట్టు మీద నడవడం దాకా రావడానికి ఆరు వారాలు పట్టింది. రోజూ చూపు ఒక చోట నిలిపి తల అటూ ఇటూ తిప్పే వ్యాయామం చేయించాం. మూడు నెలలకు ఎముక గీత మైనస్ 10 నుంచి 5కు వచ్చింది, గాలి గీతతో దాదాపు కలిసిపోయింది. వెంప్ కుడి వైపు కూడా ఎడమలాగే వచ్చింది. సన్నని శబ్దాల దగ్గర, 8000 హెర్ట్జ్‌లో 15 డెసిబెల్స్ వినికిడి పోయింది. ఆమెకు అది తెలియడం లేదు, కాగితం మీద మాత్రం ఉంది. చీకట్లో గబుక్కున తల తిప్పితే ఇప్పటికీ కొంచెం తూలుతుంది.

ఎడమ చెవి కప్పు పలచగా ఉంది కాబట్టి ఏడాదికోసారి రమ్మన్నాను. బస్తాలు ఎత్తవద్దన్నాను. ఎత్తుతూనే ఉందని చెల్లెలు చెప్పింది.

మా దగ్గర మారినవి

రిఫ్లెక్స్ కాగితం లేనిదే స్టేపిస్ ఆపరేషన్‌కు తేదీ ఇవ్వడం మానేశాం. ఎముక గీత సున్నా దగ్గర ఆపకూడదని బూత్ గోడ మీద రాసి అంటించాం. బొంగురు శబ్దాల దగ్గర తేడా ఉన్న ప్రతివారి చీలమండ మీద ఫోర్క్ పెడుతున్నాను, దానికి పది సెకన్లు కూడా పట్టదు.

ప్రశ్న అడిగే తీరు మార్చుకోవడం అన్నిటికన్నా కష్టమైంది. ‘ఇంకేమైనా బాధలున్నాయా?’ అంటే ‘లేవు సార్’ అనే వస్తుంది. ‘కొందరికి కన్ను తిప్పితే చెవిలో చప్పుడు వస్తుందంటారు, మీకు అట్లేమైనా ఉందా?’ అంటే, లేనివాళ్లు నవ్వుతారు. ఉన్నవాళ్లు నవ్వరు. ఆ ‘కొందరికి’ అనే మాట ముందు పెట్టకపోతే చెప్పరు. అయితే ఇలా అడిగితే లేని బాధను ఉందనేవాళ్లూ ఉంటారు, కాబట్టి ముందు వాళ్ల మాటల్లో అంతా చెప్పనిచ్చి, ఇది చివర్లో అడుగుతున్నాను.

ఆ నెలలోనే పాత ఫైళ్లు తీశాను. నా చేతి మీద స్టేపిస్ ఆపరేషన్ జరిగి కూడా వినికిడి పెరగనివాళ్లు ముగ్గురు తేలారు. ఇద్దరికి రిఫ్లెక్స్ కాగితాలున్నాయి, రిఫ్లెక్స్ రాలేదు, అంటే రోగ నిర్ధారణ సరైనదే. మూడో ఫైలులో ఆ కాగితం లేదు. ‘ఆపరేషన్ తర్వాత మాట ప్రతిధ్వనిస్తోందంటున్నాడు, ధైర్యం చెప్పాం’ అని నా రాతలోనే ఉంది. ఫోన్ చేస్తే భార్య ఎత్తింది. అతను మస్కట్‌లో ఉన్నాడట. సెలవు మీద వచ్చినప్పుడు తీసుకురమ్మన్నాను, స్కాన్‌కు డబ్బులు తీసుకోనని కూడా చెప్పాను.